పన్నెండో రాశి ఫలం

నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. ముప్పై ఏళ్ళుగా అది పెట్టిన అన్నమే తింటున్నాను. బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో నీటి పంపులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో కొనుగోలుదారులకు ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం. 'మీ అమూల్యమైన లేఖ అందినది, తగు చర్య తీసుకొనగలరు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని నేను ఎన్నిసార్లు టైపు చేశానంటే, ఆ అక్షరాలన్నీ వరుసగా పరిస్తే వాటి మీద నడుచుకుంటూ దేవనహళ్ళి దాకా వెళ్ళి విమానం ఎక్కవచ్చు. నా కోపమల్లా ఆ భాషకు ఈమధ్య పట్టిన ఉత్సాహం మీద.

ఆమధ్య బ్యాంకు వాళ్ళకు ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి నా పేరడిగింది. చెప్పాను. 'ఆసమ్' అంది. పుట్టినతేదీ అడిగింది. చెప్పాను. 'పర్ఫెక్ట్' అంది. యాభై మూడేళ్ళ క్రితం మా నాన్న కూడా ఆ తేదీ గురించి అంత తృప్తి పడిన దాఖలాలు లేవు. పిన్‌కోడ్ చెబితే 'అమేజింగ్' అంది. ఇంత గొప్పవాణ్ణని తెలియక ఇన్నాళ్ళూ వృథా చేసుకున్నానే అని ఫోన్ పట్టుకుని కుమిలిపోయాను. చివరికి నాకు రావలసిన చెక్కుబుక్కు సంగతి అడిగితే, అది మాత్రం రాదంది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కాఫీ దుకాణంలో కప్పు అందించిన అమ్మాయికి 'థాంక్యూ' చెప్పాను. 'నో వర్రీస్' అంది, అంటే కంగారు పడకండి అని. అప్పటిదాకా నాకే కంగారూ లేదు. ఆ తరువాత కాఫీలో ఏం కలిపారోనని చివరి చుక్కదాకా వణుకుతూ తాగాను.

ఇవన్నీ బయటి బాధలు. అసలు జ్వరం మా ఇంట్లోనే ఉంది.

మాది పెద్ద అపార్ట్‌మెంట్‌లో రెండు పడకగదుల ఫ్లాటు. నేను, మా ఆవిడ, ఇరవై ఐదేళ్ళ మా అమ్మాయి. తను ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. తన గదికీ హాల్లో నా కుర్చీకీ మధ్య గోడ ఉంది. గోడ అన్నది బిల్డరు మాట. నన్నడిగితే అది నిలబెట్టిన అప్పడం. అవతల ఎవరైనా మనసు మార్చుకున్నా ఇవతల చప్పుడవుతుంది.

అమ్మాయి నన్ను 'బ్రో' అంటుంది. 'బ్రో, గీజర్ ఆపు.' వాళ్ళమ్మనూ 'బ్రో' అంటుంది. ఆ లెక్కన మా ఇంట్లో పెళ్ళన్నదే జరగలేదు. ముగ్గురు అన్నదమ్ములం ఒకే కుక్కరు మీద బతుకుతున్నాం. ప్రతి వాక్యంలో ఒక 'లిటరల్లీ', ప్రతి రెండు మాటల మధ్య ఒక 'లైక్'. నేను నా ఉత్తరాల భాష గురించి గొప్ప చెప్పబోతే, 'నాన్నా, నువ్వు రాసేది మెయిల్ కాదు, శిలాశాసనం' అంటుంది. మా ఇద్దరికీ ఈ యుద్ధం సరదాగానే ఉండేది. ఆ ఉగాదిదాకా.

ముందే చెప్పేస్తాను. ఆ ఉగాదికి ముందు నెల రోజులూ మా అమ్మాయి ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది ఆ గోడ అవతల తేలుతోంది. కంపెనీ తనకు నెల గడువు పెట్టింది. ఈ నెలలో పని మెరుగుపడితే సరి, లేకపోతే బయటికి. అదే నెలలో నేను గోడకు ఇవతల కూర్చుని తన మాటలు ఏరుకుంటున్నాను. తన కష్టం నాకు తెలియదు. తెలియకపోవడానికి చెవుడు కారణం కాదు. ప్రతి అక్షరమూ విన్నాను.

ఎందుకు ఏరుకుంటున్నానో కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళకొక సంఘం ఉంది. ఉగాది సాయంత్రం క్లబ్‌హౌస్‌లో అసలు పంతులుగారు అసలు పంచాంగం చదివిన తరువాత, నేను నా దొంగ పంచాంగం చదువుతాను. పట్టు పంచె, కండువా, ముక్కు చివర కళ్ళజోడు. ఒక ఏడాది లిఫ్టులో మనుషుల ప్రవర్తనను బట్టి పన్నెండు రాశులు చేశాను. ఇంకో ఏడాది నీళ్ళ ట్యాంకర్ల మీద. నవ్వి నవ్వి ఒకాయనకు కట్టుడుపళ్ళు ఊడి ముందు వరుసలో ఆవిడ ఒళ్ళో పడ్డాయని నేను చెబుతుంటాను, నిజానికి కదిలాయంతే. ఆ ఏడు విషయం ఈ కొత్త ఇంగ్లీషు. బ్రో రాశి, లిటరల్లీ రాశి, వైబ్ రాశి, క్రింజ్ రాశి. 'సర్కిల్ బ్యాక్ రాశి వారు మళ్ళీ మాట్లాడుకుందామని చెప్పి పోయి ఈ జన్మలో తిరిగి రారు' వంటి ఫలాలు. ఉగాదికి వారం ఉందనగా పదకొండయ్యాయి. పన్నెండోది దొరకడం లేదు.

ఆ మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చుని డైరీ తెరిచాను. అవతల అమ్మాయి ఎవరో స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"హి వాజ్ లైక్, వి లవ్ యువర్ ఎనర్జీ. లిటరల్లీ అదే అన్నాడే. తరవాత, లెట్స్ సెట్ యూ అప్ ఫర్ సక్సెస్, మేబీ ఎల్స్‌వేర్, అన్నాడు."

నీ ఉత్సాహం మాకెంతో ఇష్టం. నీ విజయానికి దారి వేద్దాం, బహుశా ఇంకెక్కడైనా. నా కలం పరుగెత్తింది. ఒక మనిషిని గెంటడానికి ఇంత పూలదారి వేసిన వాక్యం నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడలేదు.

"ఐ యామ్ సో కుక్డ్, బ్రో," అంది మా అమ్మాయి.

కుక్డ్ అంటే ఉడికిపోయానని. నా పని అయిపోయిందని. ఆ అర్థం నాకు తెలుసు. అంతకు ముందు నెలలో సాంబారు గరిటె ఊపుతూ తనే నేర్పింది. దొరికింది పన్నెండో రాశి అని కుర్చీలో ఎగిరి కూర్చున్నాను. అవతల కాసేపు మాటలు ఆగాయి. ఫ్యాను చప్పుడు, ముక్కు చీదిన చప్పుడు. జలుబు చేసినట్టుంది, రాత్రికి మిరియాల చారు పెట్టమనాలి అనుకుంటూ రాసేశాను:

'కుక్డ్ రాశి. రాజపూజ్యం సున్న, అవమానం పదహారు. ఈ రాశి వారిని పై అధికారి ప్రేమగా పిలిచి, మీ ఎనర్జీ మాకెంతో ఇష్టం అనును. పిమ్మట, మీ విజయానికి దారి వేద్దాం, బహుశా ఇంకెక్కడైనా అనును. ఉద్యోగం పోయిన సంగతి ఈ రాశి వారు పదిహేను రోజుల తరువాత గేటు దగ్గర కార్డు పనిచేయనప్పుడు గ్రహింతురు. పరిహారం: తమ ఎనర్జీని తామే ఇంటికి మోసుకుపోవలెను.'

అదే పూట సంఘం కార్యదర్శికి పంపాను. గుంటూరు వైపు మనిషి. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"గురువుగారూ, పన్నెండోది అదరగొట్టేశారండి. మిగతా పదకొండూ దీని ముందు పప్పులో ఉప్పులేనట్టున్నాయి."

"అచ్చుకిచ్చేస్తారా మరి?"

"ఇచ్చేశానండి."

మా సంఘానికి ఒక ఆచారం ఉంది. ఉగాది నాడు తెల్లవారేసరికి ప్రతి తెలుగు ఇంటి తలుపు పిడికి ఒక చిన్న గుడ్డసంచి వేలాడుతుంది. అందులో వేపపువ్వు, బెల్లంముక్క, మామిడికాయ ముక్క, నాలుగు మడతలు పెట్టిన నా పంచాంగం. బెంగుళూరులో వేపపువ్వు కోసం ఎక్కడ చెట్టెక్కుతారని, ఆ పని కమిటీయే చేస్తుంది. చేదూ తీపీ పులుపూ ఇంటికి పంపుతూ, మధ్యలో నన్ను కూడా కలుపుతారు.

ఉగాది ఆదివారం వచ్చింది. పదిన్నరకు మా ఆవిడ వంటింట్లో ఓళిగలు, అంటే మన బొబ్బట్లు, చేస్తోంది. ఆవిడ వాళ్ళది నాలుగు తరాలుగా బెంగుళూరు. తెలుగు మాట్లాడితే కన్నడం దానంతటదే వచ్చి పక్కన కూర్చుంటుంది. అమ్మాయి ఇంకా గదిలోంచి రాలేదు. నేను కండువా వేసుకుని, గుమ్మంలో నిలబడి, పంతులుగారి గొంతుతో సాధన మొదలుపెట్టాను. పదకొండు రాశులకూ ఆవిడ నవ్వింది. వైబ్ రాశికి నవ్వినప్పుడు పూర్ణం చేతిలోంచి జారి పడింది. పన్నెండోది చదువుతుండగా స్టవ్ ఆపేసింది.

"ఇది యాడ ఇన్నావు?"

"గోడ చెప్పింది."

"ఎవురి గురించి అనేది అడిగినావా?"

"ఎవరి గురించైతే ఏంటి. ఎవరో స్నేహితురాలి గోల."

"స్నేహితురాలు కాదప్పా. దాని గురించే." చేతికంటిన పిండి చూసుకుంటూ మెల్లగా చెప్పింది. "నెల పొద్దుగా గడువు పెట్టి సతాయిస్తా ఉండారు ఆఫీసులో. రేపు పదకొండుకు తేలుస్తారంట. అది అన్నం సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో నీకు గొత్తా?"

నాకు తెలియదు. ఆ నెలలో తను ఎన్నిసార్లు 'లిటరల్లీ' అందో మాత్రం డైరీలో ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నింది. చెప్తే నువ్వు జోకు ఏస్తావంట."

నేను హాస్యం రాస్తానని చాలామంది చాలా మాటలన్నారు. ఇంత చిన్న వాక్యంలో ఇంత గట్టిగా ఎవరూ అనలేదు. పంచె కుచ్చిళ్ళు సర్దుకోవాలనిపించింది, ఏం చేయాలో తెలియక.

"ఇంగొకటి చెప్తా విను," అంది. "దాని మేనేజరు యాడుండాడో తెల్సునా? మన సి బ్లాకే. పదకొండో అంతస్తు."

"ఆ గడ్డం కుర్రాడా? పోయిన దసరాకి తబలా వాయించినవాడు?"

"వాడే. ఆ మాటలన్నీ ఆయప్పవే. లోపల నాలుగ్గోడల మధ్య అన్నవి. వాడి వాకిట్లో అచ్చేసి తగిలించినావు గదా. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పి నవ్వులాట చేస్తా ఉండాదని అనుకోడా? ఉంచుదామని రవ్వంత మనసున్నా, ఇది సదివినాక ఉంచుకుంటాడా?"

నేను చెప్పులు తొడుక్కున్నాను. ఒక కాలికి నావి, ఒక కాలికి ఆవిడవి. మా ఎ బ్లాకు నుంచి సి బ్లాకుకు మామూలుగా నాలుగు నిమిషాలు. ఆ రోజు ఆ దారి హిందూపురం దాకా సాగింది. దారిలో కనిపించిన ప్రతివాడూ 'శుభాకాంక్షలు' అన్నాడు, ఇద్దరు 'కుక్డ్ రాశి' అని బొటనవేలు పైకెత్తి చూపించారు. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. పట్టుబట్టల వాళ్ళు ఎక్కుతున్నారు, నేను పైన వెలిగే అంకెలు చూస్తూ, ఆదివారం కదా, ఇంకా లేచి ఉండడు, సంచి ఇంకా తలుపుకే ఉంటుంది అని మొక్కుకుంటున్నాను.

సంచి తలుపుకే ఉంది. నా ఆనందం ఏమని చెప్పను. అటూ ఇటూ చూసి చెయ్యి పెట్టాను. వేపపువ్వు తగిలింది. బెల్లం తగిలింది. మామిడి ముక్క తగిలింది. కాగితం తగల్లేదు. మణికట్టు దాకా దూర్చి అడుగు వెతుకుతుండగా తలుపు తెరుచుకుంది.

నిక్కరు, టీషర్టు, ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో నాలుగు మడతలు విప్పిన నా పంచాంగం. ముప్పై నాలుగేళ్ళుంటాయేమో.

"అంకుల్, హ్యాపీ ఉగాది. ఏంటి సీన్?"

"వేపపువ్వు అందరికీ సరిపడా వేశారో లేదో చూస్తున్నాను బాబూ. కమిటీ తరఫున."

"క్వాలిటీ చెక్. నైస్." నా చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. "ఇది మీరే రాశారంట కదా. నేను చచ్చిపోయాను అంకుల్. లిటరల్లీ."

చూస్తే బతికే ఉన్నాడు. ఆ సంగతి అనలేదు.

"పన్నెండోది," అన్నాడు, కాగితం మీద వేలు పెట్టి. "ఇది ఎవర్ని చూసి రాశారు?"

మెట్ల మీద ఎవరో పిల్లలు దిగుతున్నారు. ఆ చప్పుడు పూర్తిగా కిందికి పోయేదాకా సంచి అడుగు ఇంకోసారి తడిమాను.

"ఎవర్నీ చూడలేదు. ఊహ."

"నేనూ అదే అనుకున్నా. బట్ సో రియల్. మా పాత కంపెనీ డైరెక్టర్ పోయినేడు నాతో వర్డ్ టు వర్డ్ ఇదే అన్నాడు. ఆ రోజు నేను కారులో కూర్చుని అరగంట ఇంటికి రాలేకపోయాను." నవ్వాడు. ఆ మాటలు ఆ మంగళవారం తన నోట్లోంచి కూడా వచ్చాయన్న గుర్తు ఆ ముఖంలో ఎక్కడా లేదు. పైనుంచి పడ్డ మాటను కిందికి జారవిడిచాడు, అంతే; ఎవరి మీద పడిందో వంగి చూడలేదు. "మా టీమ్ గ్రూపులో పెట్టేశాను అంకుల్. మీ పేరుతో సహా. క్రెడిట్ ఇవ్వాలి కదా."

"గ్రూపులోనా."

"అందరూ నవ్వుతున్నారు. మీ..." అని ఆగాడు. మీ అమ్మాయి అనబోయాడని నాకు తెలిసింది. ఆ ఒక్క క్షణం కాఫీ కప్పులోకి చూశాడు. "రేపు మాకో కాల్ ఉంది. ఐ మీన్, వర్క్. సాయంత్రం కలుద్దాం అంకుల్."

అక్కడే అడిగి ఉండవచ్చు. బాబూ, మా పిల్లను ఉంచు అని. నాలుక చివరిదాకా వచ్చింది. చిరిగిపోయేంత గట్టిగా సంచి పట్టుకుని ఉన్నాను. కానీ ఆ మాట అంటే, రేపు పదకొండుకు ఆ తెర ముందు కూర్చునేది మా అమ్మాయి కాదు, మా అమ్మాయి కోసం వాకిట్లో నిలబడ్డ నేను. తలుపు మూసుకుంది. చేతినిండా వేపపువ్వుతో లిఫ్టు దగ్గరికి నడిచాను.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ఫోను బోర్లా పెట్టి ఉంది.

"నాన్నా, కూర్చో."

బ్రో అనలేదు. ఆ పిలుపు వద్దని నేను ఎంత మొత్తుకున్నానో, ఆ రోజు అది రానందుకు అంత భయపడ్డాను.

"నీకు నా మాటలన్నీ వినిపించాయి కదా."

"కొన్ని."

"అన్నీ. వాడు ఎక్కడ ఆగాడో అక్కడ కామా కూడా పెట్టావు." గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను ఏడ్చాను. అది వినిపించిందా?"

"జలుబనుకున్నాను."

"జలుబు," అంది. ఒక్కసారి నవ్వొచ్చింది తనకు, వెంటనే పోయింది. ఆ నవ్వు కన్నా తిట్టు నయం. "లేచి వచ్చి తలుపు కొట్టి, ఏమైందే అని అడగడానికి రెండడుగులు నాన్నా."

ఈ ఫ్లాటులో ఏదీ రెండడుగులకన్నా దూరం లేదు అన్న వాక్యం నా నోట్లో తయారైంది. దాన్ని ఎట్లా మింగానో నాకే తెలుసు. వంటింట్లో మా ఆవిడ ఓళిగ మాడుస్తోంది. వాసన వస్తున్నా ఎవరం లేవలేదు.

"సారీ," అన్నాను. దానికి ముందూ వెనకా ఏమీ తగిలించలేదు.

తను టేబుల్ మీద గోటితో గీతలు గీస్తూ అంది:

"నాకో పని చెయ్యి. రేపు పదకొండుకి నా గదిలో కూర్చో. కెమెరాలో పడకు. మాట్లాడకు. రాయకు."

"నేనెందుకమ్మా?"

"నెల రోజులుగా వాళ్ళు ఏమంటున్నారో నాకు అర్థం కావట్లేదు. వి బిలీవ్ ఇన్ యూ అంటారు. గ్రోత్ జర్నీ అంటారు. కాల్ అయిపోయాక మెచ్చుకున్నారా, పొమ్మన్నారా అని రాత్రంతా ఆలోచిస్తాను. తప్పు నా వినడంలోనే ఉందేమో అనిపిస్తోంది. ఇంకొకరు పక్కన ఉండి వినాలి. నువ్వు బాగా వింటావు కదా."

సాయంత్రం క్లబ్‌హౌస్ నిండిపోయింది. ముందు వరుసలో మేనేజరు కుటుంబం. ఆఖరి వరుసలో, వస్తుందనుకోలేదు, మా అమ్మాయి, వాళ్ళమ్మ పక్కన. పదకొండు రాశులు చదివాను. నవ్వులు పైకప్పుకు తగిలి తిరిగి నా నెత్తిన పడుతున్నాయి. నేను చెమట తుడుచుకుని కాగితం మడిచాను.

"పన్నెండోది," అని అరిచారెవరో.

"పన్నెండోది వెనక్కి తీసుకుంటున్నానండి. ఆ ఫలం నాకు సరిగ్గా రాయడం చేతకాలేదు."

అదీ ఒక చమత్కారమే అనుకున్నారు. మా కార్యదర్శి మైకు లాక్కుని, "గురువుగారికి మొహమాటం. కాగితం అందరి దగ్గరా ఉంది కదండీ, మనమే చదువుదాం," అన్నాడు. సంచుల్లోంచి, జేబుల్లోంచి, చీర కొంగుల్లోంచి కాగితాలు బయటికొచ్చాయి. పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి బడిలో ఎక్కాలు చదివినట్టు మొదలుపెట్టారు. మీ ఎనర్జీ మాకెంతో ఇష్టం అనును. ముందు వరుసలో మేనేజరు గొంతు కూడా కలిపాడు, తొడ మీద తాళం వేస్తూ. మీ విజయానికి దారి వేద్దాం, బహుశా ఇంకెక్కడైనా అనును. నేను వేదిక మీద నోరు మూసుకుని నిలబడ్డాను. అంత పెద్ద హాలులో నోరు మూసుకున్నవాళ్ళం ముగ్గురమే. మా అమ్మాయి కళ్ళు దించలేదు. నా వైపు కూడా కాదు, ముందు వరుసలో ఊగుతున్న ఆ తల వైపే చూస్తూ కూర్చుంది. చప్పట్లు మోగినప్పుడు లేచి, తొందరేమీ లేకుండా బయటికి నడిచింది.

మరునాడు ఫ్యాక్టరీకి సెలవు చెప్పాను. పదకొండుకు ఐదు నిమిషాలుండగా తన గదిలోకి వెళ్ళాను. కూర్చోమని మూలనున్న బీన్‌బ్యాగు చూపించింది. కూర్చోగానే అది నన్ను మెడదాకా మింగింది. మోకాళ్ళు చెవుల పక్కకొచ్చాయి. మామూలు రోజైతే దాని మీద నాలుగు పేజీలు రాసేవాణ్ణి. ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీశాను.

తెర మీద మేనేజరు ముఖం. ఇస్త్రీ చొక్కా.

"హే. హౌ ఆర్ వి ఫీలింగ్ టుడే?"

"బాగున్నాను."

అతను మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలు మాట్లాడాడు. జర్నీ అన్నాడు, లెర్నింగ్స్ అన్నాడు, కంపెనీ ఒక కొత్త చాప్టర్‌లోకి ట్రాన్సిషన్ అవుతోందన్నాడు, అందులో తన రోల్ ఎలా ఎవాల్వ్ అవుతుందో కలిసి ఎక్స్‌ప్లోర్ చేద్దామన్నాడు. నేను చెవులు నిక్కించి విన్నాను. భగవంతుడి సాక్షిగా, ఉంచారో తీసేశారో నాకూ తెలియలేదు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు రాసినవాణ్ణి. పక్కకు తిరిగి అమ్మాయి ముఖం చూశాను. నెల రోజులు ఇందులో ఒంటరిగా మునిగిందా అనిపించింది.

"ఒక్క నిమిషం," అంది మా అమ్మాయి. "తెలుగులో చెప్పండి."

"సారీ?"

"మీరు తెలుగే కదా. తెలుగులో చెప్పండి. తీసేస్తున్నారా, ఉంచుతున్నారా?"

అతను నవ్వబోయాడు. "ఇట్స్ నాట్ లైక్ దట్..."

"ఎట్లా మరి?"

"ఐ మీన్, ఇది మోర్ ఆఫ్ ఎ..."

"ఒక్క మాట చాలు."

తెర ఆగిపోయిందేమో అనుకున్నాను. లేదు, అతని కనురెప్పలు కొట్టుకుంటున్నాయి. నా గుండె చప్పుడు మైకులో వినిపించి పట్టుబడతానేమోనని గుప్పెటతో ఛాతీ అదిమి పట్టుకున్నాను.

"తీసేస్తున్నాం," అన్నాడు.

అతని గొంతే మారిపోయింది. పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు.

"ఎందుకు?"

"టీమ్‌లో ఇద్దర్ని తగ్గించమని పైనుంచి చెప్పిన్రు. ఇద్దరి పేర్లు ఇవ్వాలన్నరు. ఇచ్చిన." ఊరి యాస బయటికొచ్చింది.

"ఈ నెలలో నేను బాగా చేసి ఉంటే?"

అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"అయినా తీసేసేవాళ్ళమే. పేర్లు ముందే పోయినయి. నీ పనిలో తప్పేం లేదు. నిజంగా లేదు."

"ఎప్పటిదాకా?"

"శుక్రవారం."

"ఇదే మాట మెయిల్లో రాసి పంపండి," అని తను ల్యాప్‌టాప్ మూసేసింది.

మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. నేను బీన్‌బ్యాగులోంచి లేవబోయి, లేవలేక, నేల మీదికి దొర్లి, అట్లాగే నేల మీదే కూర్చున్నాను. తను అది చూసింది, నవ్వలేదు. తలుపు సందులో మా ఆవిడ నీడ కనిపిస్తోంది.

"విన్నావా నాన్నా?"

"విన్నాను."

"ఏమన్నాడు?"

"తీసేస్తున్నాం అన్నాడు. ఇద్దర్ని తగ్గించమన్నారు, పేర్లు ముందే ఇచ్చేశాను అన్నాడు. నీ పనిలో తప్పేం లేదన్నాడు."

"తప్పు లేదన్నాడా? అట్లాగే అన్నాడా?"

"అట్లాగే అన్నాడు. నిజంగా లేదు అని రెండోసారి కూడా అన్నాడు."

తను కుర్చీ దిగి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. మొదటి నుంచి, అతను అన్నది అన్నట్టుగా, ఒక్క ముక్క కలపకుండా.